మాయలేడి కావాలా, గోతాం చాలా? పెరటి విలువిద్యకు టార్గెట్ ఎంపికపై ఒక సమీక్ష

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) ఆర్చరీలో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే క్రీడల్లో బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) జట్టుతో కలిసి రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ విభాగంలో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ కూడా చేరింది. ఇన్ని జరిగాక నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో, ఒక పిల్లవాడు విల్లు కొనిపెట్టమని ఇంట్లో పోరు పెడితే వింతేమీ లేదు. పేరున్న అకాడమీలు విజయవాడలో ఉన్నాయి. ఉదయగిరి నుంచి నెల్లూరు పోవాలన్నా వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. రోజువారీ సాధన ఇంటి దొడ్డిలోనే సాగాలి.

విల్లు ఇంటికొచ్చిన మర్నాడే ఇంకో ప్రశ్న లేస్తుంది: బాణం దేనికి వెయ్యాలి? ఇక్కడే చర్చ చిక్కుపడింది. అమెరికా వీడియోలు చూసినవాళ్లు నురగతో పోతపోసిన జింక బొమ్మ కావాలంటారు. వ్యాయామ ఉపాధ్యాయులు గుండ్రటి కాగితం, గడ్డి దిమ్మ చాలంటారు. చేతిపని వచ్చినవాళ్లు ప్యాకింగ్ ఫోమ్‌తో ఇంట్లోనే కట్టుకోవచ్చంటారు. డబ్బు లెక్క చూసే తండ్రి, యూరియా గోతంలో పాతబట్టలు కూరితే పోలేదా అంటాడు. ఎవరి మాటలో వాళ్లకు న్యాయం ఉంది. చిక్కేమిటంటే టార్గెట్ ఏ ఆకారంలో ఉండాలి, దేనితో చెయ్యాలి, ఎంత పెట్టాలి అనే మూడు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా కలిపి వాదించుకుంటున్నారు. వాటిని విడదీస్తే సగం తగాదా తీరిపోతుంది. టార్గెట్ తప్పిపోయిన బాణం ఎక్కడికి పోతుంది అనే నాలుగో ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నిజానికి అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

జింక ఎక్కడి నుంచి వచ్చింది?

విలుకాడి ముందు నిలబెట్టే గురికి మన కావ్యాల్లో రెండు రూపాలు ప్రసిద్ధం. ద్రోణుడు చెట్టుకొమ్మ మీద పెట్టించిన బొమ్మపక్షి ఒకటి, ద్రౌపదీ స్వయంవరంలో తిరిగే మత్స్యయంత్రం ఇంకొకటి. రెండూ ఏకాగ్రతకు పెట్టిన పరీక్షలు. జంతువును వేటాడే బొమ్మలు మన శిల్పంలో, చిత్రంలో లేకపోలేదు. లేపాక్షి గుడి కప్పు మీద కిరాతార్జునీయంలో పంది ఉంది. రామాయణంలో మారీచుడు బంగారు లేడిగా వచ్చాడు. అయితే వాటిని చూసి ఎవరూ సాధనకు జింక బొమ్మలు చేసుకున్నట్టు కనిపించదు. నల్లమల చెంచులకు వెదురు విల్లు బతుకుతెరువు, వాళ్ల సాధన అడవిలోనే జరిగిపోయేది.

ఇంగ్లండులో పాతకాలపు విలుకాళ్లు మట్టి దిబ్బలకు బాణాలు వేసేవాళ్లు. గడ్డిని తాడులా పేని, చుట్టగా చుట్టి కుట్టిన గుండ్రటి దిమ్మ, దాని మీద రంగుల వలయాలు 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి స్థిరపడ్డాయి. ఒలింపిక్స్‌లో మనం చూసే పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు రంగులు ఆ వరసలోవే.

జంతువు ఆకారపు దారి అమెరికాది. అక్కడ 1939లో జాతీయ ఫీల్డ్ ఆర్చరీ సంఘం ఏర్పడింది. వేటగాళ్లు సీజన్ కాని రోజుల్లో చెయ్యి మరిచిపోకుండా పొలాల్లో, అడవి దారుల్లో సాధన చేసేవాళ్లు. మొదట గడ్డిమోపుల మీద జంతువుల బొమ్మలున్న కాగితాలు అంటించారు. 1980ల్లో నురగతో పోతపోసిన నిలువెత్తు జంతువులు బజారులోకి వచ్చి, వాటి మీదే పోటీలు నడిపే సంఘాలు పుట్టాయి. ప్రపంచ స్థాయిలో త్రీడీ ఆర్చరీ చాంపియన్‌షిప్ 2003లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అందులో దూరం ఎంతో చెప్పరు. విలుకాడు కంటితో అంచనా కట్టి కొట్టాలి. ఆ ఆటకు జింక ఆకారం ప్రాణం.

డల్లాస్, అట్లాంటా శివార్లలో స్థిరపడిన మనవాళ్లకు ఈ జింక అక్కరకొచ్చే వస్తువే. అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో జింకను వేటాడటం చట్టబద్ధం. గుండె, ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో తెలియకుండా అడవిలోకి పోతే జంతువు గాయంతో తప్పించుకుని రోజుల తరబడి బాధపడి చస్తుంది. అందుకే అక్కడ జింక బొమ్మ మీద సాధన ఒక బాధ్యత. అయినా కొన్ని అమెరికా పట్టణాల్లో ఇళ్ల మధ్య విల్లు వాడకంపై నిషేధాలున్నాయి. బొమ్మ కొనేముందు ఊరి నిబంధన చూసుకోవాల్సింది వాళ్లే.

జింక పక్షం వాదన, కొలబద్దతో

జింక కావాలనేవాళ్లు మూడు కారణాలు చెబుతారు. ఒకటి, గుండ్రటి కాగితం విసుగు పుట్టిస్తుంది, ఆకారం ఉంటే పిల్లలకు ఉత్సాహం. రెండు, మంచి నురగ బాణం లాగేశాక తనంత తానే మూసుకుపోతుంది కాబట్టి ఎక్కువకాలం మన్నుతుంది. మూడు, బొమ్మ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి తప్పిన బాణం నేలలో దిగుతుంది.

మొదటిది కాదనలేం. కాకపోతే ఆ ఉత్సాహం వెనక ఒక మోసం ఉంది. మన చుక్కల జింకైనా, అమెరికా తెల్లతోక జింకైనా పెద్దది భుజం దగ్గర సుమారు 90 సెంటీమీటర్లు ఎత్తుంటుంది. గుండె, ఊపిరితిత్తుల భాగం స్థూలంగా 20 సెంటీమీటర్ల వలయం. లోపలి మైదానాల్లో 18 మీటర్ల పోటీకి వాడే కాగితం వ్యాసం 40 సెంటీమీటర్లు. అందులో రికర్వ్‌కు పది పాయింట్ల వలయం 4 సెంటీమీటర్లు, తొమ్మిదిది 8, ఎనిమిదిది 12, ఏడుది 16, ఆరుది 20. అంటే జింక గుండెలో దిగిందని చప్పట్లు కొట్టించుకున్న బాణం, పోటీ కాగితం మీద ఆరు మాత్రమే కావచ్చు. కాంపౌండ్‌కు పది వలయం 2 సెంటీమీటర్లే. పాఠశాల జట్టుకు, రాష్ట్ర జట్టుకు పోవాలనుకునే పిల్లవాడికి ఈ తేడా చిన్నది కాదు. జింక వాడి తప్పును దాచిపెడుతుంది.

రెండో కారణంలో నిజం ఉంది కానీ అది ఖరీదైన రకానికే వర్తిస్తుంది. సాంద్రత ఎక్కువున్న పాలీయురేథేన్ నురగ బాణాన్ని బాగా పట్టి, బాగా మూసుకుంటుంది. చవక జింకలు తేలికపాటి నురగవి. ఇంకా చవకవి లోపల డొల్ల. వాటి కాళ్లు, కొమ్ములు, తల మొదటే విరుగుతాయి, సాధనకు వాటితో పనీ ఉండదు. డబ్బులో మంచి భాగం బాణం తగలని చోట్లకే పోతుంది. తయారీదారులకూ ఈ సంగతి తెలుసు. అందుకే కాస్త మంచి రకాల్లో గుండె భాగాన్ని విడి దిమ్మగా పెట్టి, అది అరిగితే మార్చుకోమంటారు. కొనేవాడు మొదట అడగాల్సింది ఆ విడి దిమ్మ మన దేశంలో దొరుకుతుందా అని. దొరకకపోతే గుండెకు చిల్లిపడ్డ రోజునే బొమ్మ ఆయుష్షు తీరినట్టు.

దిగుమతి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో చవక జింక వంద డాలర్ల పైచిలుకు ఉంటుంది. విమాన కొరియర్ మాత్రం అసలు బరువు ఒక్కటే చూసి వసూలు చెయ్యదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చినదాన్ని కిలోలుగా లెక్కకట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తుంది. ముక్కలుగా విడదీసిన జింకను 90, 60, 40 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే అది 43 కిలోలు. నిజం బరువు పన్నెండు కిలోలే అయినా సరే. ఆపైన సుంకం. బొమ్మ ధర కన్నా దాని ప్రయాణం ఖర్చే ఎక్కువవుతుంది.

మూడో కారణం వినడానికి బాగుంది, లెక్క వేస్తే నిలవదు. బాణం సుమారు 140 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బయల్దేరి 15 మీటర్ల అవతల 65 సెంటీమీటర్ల ఎత్తున్న గుండెను చేరాలి. ఆ వాలులో గుండె పక్కగా పోయిన బాణం, సరళరేఖ లెక్కన మరో 13 మీటర్లకు నేల తాకుతుంది. వీపు మీదుగా పోయిన బాణం వాలు ఇంకా తక్కువ. అది మరో 30 మీటర్ల దాకా పోయి గాని నేల చూడదు. మన మెట్ట నేల మే నెలలో సిమెంటు గచ్చులా ఉంటుంది. ఏటవాలుగా తాకిన బాణం దిగబడకుండా జారి లేస్తుంది. ఉదయగిరి వీధుల్లో ఎంత పెద్ద దొడ్డి అయినా వెనక 30 మీటర్లు ఖాళీ ఉండే ఇళ్లెన్ని?

గడ్డి, గోతాల పక్షం

ఆత్మకూరు వైపు పెన్న, సోమశిల నీళ్ల కింద వరి పండుతుంది. గడ్డికి కొదవ లేదు. ఇప్పుడు యంత్రాలే చుట్టలు కట్టి ఇస్తున్నాయి. వామిదొడ్డిలో ఉన్న చుట్టనే నిలబెట్టి కాగితం గుచ్చితే టార్గెట్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. వరిగడ్డి నున్నగా జారే గడ్డి. వదులుగా ఉన్న మోపులోంచి కాంపౌండ్ బాణం సూదిలా దూరి అవతల తేలుతుంది. గడ్డి బాణాన్ని ఆపాలంటే దాన్ని విపరీతంగా నొక్కి కట్టాలి. పైనా కిందా చెక్కలు పెట్టి, తాడు మెలిపెట్టి బిగించి, నెలకోసారి మళ్లీ బిగించాలి. అలా చేస్తే వెదురు విల్లుకు, లాగుడు బలం పాతిక పౌండ్ల లోపున్న రికర్వ్‌కు గడ్డి దిమ్మ హాయిగా పనికొస్తుంది.

దాని శత్రువులు నాలుగు: వాన, చెద, ఎలుక, ఎండ. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఒక్క ముసురు చాలు, దిమ్మ లోపల బూజు పట్టి మెత్తబడటానికి. నేల మీదే పెడితే చెద పట్టడం ఖాయం. రెండు రాళ్ల మీద పలక వేసి దాని మీద నిలపాలి. ఎలుకలున్న గడ్డికి వాటి వెనక పాము వస్తుంది. దిమ్మ వెనక చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడటం మెట్ట పల్లెల్లో పుట్టిన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంకొక సంగతి మాత్రం నేర్పాలి. వాడిపోయిన దిమ్మ విప్పి ఆ గడ్డిని బర్రెకు వెయ్యకూడదు. లోపల ఊడిపోయిన ఇనప పాయింట్లు, విరిగిన కార్బన్ షాఫ్టుల పేళ్లు ఉండిపోతాయి. అవి పశువు కడుపులోకి పోతే ఆదా చేసిన వందలు ఎక్కడికి పోతాయో చెప్పనక్కర్లేదు.

గోతాం సంగతి ఇంతకన్నా మెరుగు. కలిగిరి, డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. చుట్టుపక్కల రైతుల ఇళ్లలో పొగాకు బేళ్లు కట్టే గోనెపట్టాలు దొరుకుతాయి. లోపల యూరియా గోతాం, పైన గోనెపట్టా తొడిగి, మధ్యలో దర్జీ దుకాణం పేలికలు కూరితే బాణాన్ని వేళ్లతో లాగేయగలిగినంత సులువైన టార్గెట్ వస్తుంది. ఒక్క గోతాన్నే పైన వాడితే ఎండకు ఆ ప్లాస్టిక్ నేత పొడిపొడిగా రాలుతుంది. గోనె దాన్ని ఎండ నుంచి కాస్తుంది. గోనె ఒక్కటే ఉంటే దారాలు పాయింటుకు చుట్టుకుని బాణంతో బయటికొస్తాయి. రెండూ కలిస్తేనే పని.

కూరడంలోనే ఉంది ఒడుపంతా. నైలాను, పాలిస్టరు చీరలు నూలుబట్ట కన్నా మేలు. నీళ్లు పీల్చవు, కుళ్లవు. గుండీలు, జిప్పులు, హుక్కులు ఒక్కటి కూడా ఉండకూడదు. వాటికి తగిలిన కార్బన్ బాణం కంటికి కనపడకుండా పగులుతుంది. ఆ బాణాన్ని మళ్లీ ఎక్కుపెడితే చేతిలోనే చిట్లుతుంది. గుప్పెడు గుప్పెడు వేసి రోకలిబండతో దంచి కూరాలి. ఇరవై, పాతిక కిలోలు పట్టకపోతే సరిగా కూరనట్టే. వేలాడదీసిన గోతంలో బట్ట కిందికి దిగుతుంది, పైభాగం డొల్లవుతుంది. నెలకోసారి పైన విప్పి మళ్లీ నింపాలి. వేటకత్తి మొనల బ్రాడ్‌హెడ్ దీనికి పనికిరాదు. ఒక్క దెబ్బకు గోతాన్ని చీరేస్తుంది. మన సాధనకు బ్రాడ్‌హెడ్‌తో పనే లేదు కాబట్టి అది లోపం కింద లెక్క కాదు.

పాత టైర్లు, పరుపులు, థర్మకోల్ చాలన్న సలహాలూ వినపడతాయి. టైరుకు తగిలిన తేలిక బాణం తిరిగి విలుకాడి మీదికే వస్తుంది. పరుపు నురగ బాణాన్ని ఆపదు. థర్మకోల్ రాపిడి వేడికి కరిగి షాఫ్టుకు అంటుకుంటుంది, దొడ్డి నిండా తెల్ల గుళ్లు మిగులుస్తుంది. మూడింటినీ పక్కన పెట్టేయొచ్చు.

పొరల పక్షం

ఈ పక్షం సూత్రం సులువు. కాగితం కట్టకు ఎదురుగా బాణం వేస్తే చిల్లిపడుతుంది. అదే కట్టను పక్కకు తిప్పి, అంచులు విలుకాడి వైపు ఉండేలా పెడితే బాణం పొరల మధ్య దారి చేసుకుని దూరుతుంది. రెండు వైపుల నుంచీ పొరలు నొక్కిపట్టి దాన్ని ఆపుతాయి. బాణం లాగేస్తే పొరలు మళ్లీ కలుసుకుంటాయి. ఆపేది పదార్థం గట్టితనం కాదు, రాపిడి.

ఎంత శక్తిని ఆపాలో చూడండి. 20 గ్రాముల బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 25 జౌళ్లు. ఇది పిల్లల రికర్వ్ మోతాదు. 23 గ్రాముల బాణం 85 మీటర్ల వేగంతో వస్తే 83 జౌళ్లు. ఇది పెద్దల కాంపౌండ్. మూడు రెట్లకు పైగా తేడా. అన్న కాంపౌండ్‌కు సరిపోని గోతాం తమ్ముడి రికర్వ్‌కు ఏళ్ల తరబడి పనికిరావచ్చు. ఏ టార్గెట్ మంచిదని అడిగినవాళ్లను మొదట ఏ విల్లుకని ఎదురు అడగాలి.

కట్టే పద్ధతి ఇది. ఫ్రిజ్, టీవీ ప్యాకింగులో వచ్చే తెల్లటి పాలిథిలీన్ ఫోమ్‌నో, చెప్పుల తయారీకి వాడే ఈవీఏ షీటునో 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల లోతు ముక్కలుగా కోయాలి. వాటిని ఒకదాని మీద ఒకటి 60 సెంటీమీటర్ల ఎత్తు దాకా పేర్చి, పైనా కిందా మందపాటి చెక్క పెట్టి, నాలుగు మూలల థ్రెడ్ రాడ్లు దింపి నట్లు బిగించాలి. నొక్కిన కొద్దీ ఎత్తు తగ్గుతుంది, ఇంకొన్ని పొరలు దూర్చి మళ్లీ బిగించాలి. బాణం లోతుగా పోవడం మొదలైతే నట్లు ఒక చుట్టు తిప్పితే సరి. మధ్య పొరలు అరిగితే వాటిని అంచులకు, అంచు పొరలను మధ్యకు మార్చుకోవచ్చు. పోతపోసిన జింకకు ఈ వెసులుబాటు లేదు. చెక్క పనికి ఉదయగిరిలో చేతులు వెతుక్కోవాల్సిన పని లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క స్పూన్ల ఊరు అది. అయితే ఇక్కడ నాజూకు పని అక్కర్లేదు, జామాయిల్ వాసాలు చాలు. చెక్క విలుకాడి వైపు బయటపడకుండా చూసుకోవాలి. చెక్కలో దిగిన బాణం పాయింటును అక్కడే వదిలి వస్తుంది.

అదే పద్ధతిలో అట్టపెట్టెలతో కట్టేవాళ్లూ ఉన్నారు. ఖర్చు దాదాపు సున్నా, ఆపే శక్తి బాగానే ఉంటుంది. వాన, చెద మాత్రం గడ్డిని చంపినట్టే దీన్నీ చంపుతాయి. కొట్టంలో, వరండాలో పెట్టుకునే చోటుంటే ఆరంభానికి ఇంతకన్నా చవకైనది లేదు.

ఫోమ్‌కు ఎండాకాలం ఒక ఇబ్బంది ఉంది. మేలో మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటే చోట ఫోమ్ మెత్తబడి బాణం లోతుగా పోతుంది, కార్బన్ షాఫ్టుకు అంటుకుంటుంది. పొద్దున్నే కొట్టడం, షాఫ్టు ముందు భాగానికి కాస్త పొడి సబ్బు రాయడం దీనికి ఇళ్లలో చేసే మందు. కొట్టడం అయ్యాక బరకం కప్పాలి. ఎండకు ఫోమ్ పెళుసెక్కడం వాన కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ధరను బాణాలతో భాగిస్తే

రోజుకు 60 బాణాలు, నెలకు 25 రోజులు అనుకుంటే 1,500 దెబ్బలు. జింకలో అవన్నీ ఒకే 20 సెంటీమీటర్ల గుండెలో పడాలి. 60 సెంటీమీటర్ల దిమ్మ మీద నాలుగు చిన్న కాగితాలు అంటించి రోజుకొకదాన్ని కొడితే ఒక్కోచోట 375 పడతాయి. అదే పదార్థం, అదే సాంద్రత అయినా దిమ్మ నాలుగు రెట్లు మన్నాలి. జింక పక్షం, దిమ్మ పక్షం మధ్య మన్నిక వాదన దాదాపుగా ఈ భాగహారంతోనే తేలిపోతుంది.

మిగతావి పక్కపక్కన పెట్టి చూస్తే, గడ్డి పెట్టుబడిలో అన్నిటికన్నా కింద, శ్రమలో అన్నిటికన్నా పైన. ఒక్క వానాకాలం దాటితే గొప్ప. గోతాం పెట్టుబడి కూడా స్వల్పమే. బాణం లాగడం దానిలో తేలిక, పదేళ్ల పిల్లకు ఇదే సరి. పై తొడుగు మార్చుకుంటూ పోతే లోపలి బట్ట ఏళ్లు నిలుస్తుంది. పొరల ఫోమ్‌కు మొదట కాస్త డబ్బు, ఒక రోజు పని. ఆ తర్వాత కాంపౌండ్‌ను కూడా ఓర్చి, ముక్కలు మార్చుకుంటూ ఎక్కువకాలం వచ్చేది అదే. నురగ జింక పెట్టుబడిలో శిఖరం. దూరం అంచనా కట్టే ఆట ఆడేవాళ్లకు దాని బదులు ఇంకొకటి లేదు. మిగతావాళ్లకు అది ముచ్చట.

ఆ ముచ్చట చవకగా తీర్చుకునే దారీ ఉంది. జింక బొమ్మ ముద్రించిన ఫ్లెక్సీనో, పిల్లలే గీసిన కాగితమో దిమ్మకు అంటిస్తే ఆదివారం ఆట అవుతుంది. గుండె దగ్గర 20 సెంటీమీటర్లకు బదులు 8 సెంటీమీటర్ల వలయం గీస్తే సాధన కూడా అవుతుంది. 10 మీటర్లే చోటున్న దొడ్డిలో పోటీ కాగితాన్ని 40 నుంచి 22 సెంటీమీటర్లకు తగ్గించి ముద్రించుకుంటే 18 మీటర్ల కష్టమే కంటికి కనిపిస్తుంది. మధ్య బిందువు నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పోటీలో నిలబడే తీరు ఇంట్లోనే అలవాటవుతుంది.

వెనక గోడ, వెనక అడవి

నాలుగో ప్రశ్న దగ్గరికి వద్దాం. పడమటి ఊళ్లలో దొడ్డి వెనక గోడ తరచూ రాతిది. రాతికి తగిలిన బాణం విరగడమే కాదు, ఏ దిక్కుకు ఎగురుతుందో చెప్పలేం. పాతకాలం మట్టి దిబ్బే ఇప్పటికీ మేలైన అడ్డు. ఇక్కడి ఎర్రమట్టిలో గులకరాళ్లు ఎక్కువ, జల్లించి పోసుకోవాలి. చోటు లేకపోతే గోడకు అడుగు ముందుగా పాత తివాచీనో, మందపాటి గోనెపట్టాలు రెండు మూడు మడతలుగానో వదులుగా వేలాడదీయాలి. బిగించి కడితే బాణం దూరిపోతుంది, వదులుగా ఉంటే ఊగి దాని ఊపు తీసేస్తుంది. సందు నుంచి మేకలు, పిల్లలు, పాలవాడు వచ్చే వైపుకు ఎప్పుడూ కొట్టకూడదు. ఇంటి తలుపు టార్గెట్ పక్కకు తెరుచుకునేట్టుంటే ఆ దొడ్డి సాధనకు పనికిరాదు.

చోటు చాలక కొండ కిందికి పోదామనే ఆలోచన ఉదయగిరిలో సహజంగా వస్తుంది. వెలిగొండలు ఊరికి ఆనుకునే ఉన్నాయి. అది మానుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో విల్లు, బాణాలు పేరుపెట్టి ఉన్నాయి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం. వెలిగొండల్లో పెంచలకోన వైపు శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. ఎర్రచందనం కోసం నిఘా ఉండే అడవులు కూడా ఇవే. విల్లు, దాంతో పాటు జింక బొమ్మ మోసుకుని ఆ దారిన పోయే కుర్రవాడు ఆర్చరీ అని ఎంత చెప్పుకున్నా వినేవాళ్లు తక్కువ. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కూడాను.

ఇంకా తేలనివి

జింక మీద సాధన చేసినవాడు గుండ్రటి కాగితం మీద మెరుగవుతాడా అన్నది శిక్షకుల మధ్య తెగని వాదన. దూరం అంచనా కట్టే అలవాటు కంటికి పదును పెడుతుందని ఒక వర్గం, వలయాల క్రమశిక్షణను అది చెడగొడుతుందని ఇంకో వర్గం. మన దగ్గర పాఠశాల నుంచి జాతీయ స్థాయి దాకా ప్రధాన బాట వలయాల మీదే నడుస్తోంది కాబట్టి, ప్రస్తుతానికి రెండో వర్గానిదే బలం. త్రీడీ పోటీలు ఇక్కడ పెరిగితే ఈ తూకం మారవచ్చు.

ఫోమ్ చెత్త ఏం చెయ్యాలన్నది రెండోది. అరిగిన ముక్కలు తగలబెడితే విషపు పొగ, పారేస్తే పొలంలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఈ విషయంలో గడ్డిది, గోనెది స్పష్టంగా పైచెయ్యి. పర్యావరణం లెక్కలోకి తెస్తే నేను పైన ఫోమ్‌కు వేసిన మార్కుల్లో కొన్ని కోసెయ్యాలి. ఎన్ని కోయాలన్నది ఒక్కో ఇంటి మనసును బట్టి ఉంటుంది.

జంతువు బొమ్మకు బాణం వేయించడం పిల్లలకు మంచిదా అన్నది మూడోది. దీన్ని కొందరు పెద్ద నీతి ప్రశ్న చేస్తున్నారు. వలయాల కాగితం మీద రోజూ అరవై బాణాలు వేసే పిల్లవాణ్ణి నెలకోసారి జింక బొమ్మ చెడగొడుతుందంటే నమ్మడం కష్టం. అయితే వేట మోజు ఉన్న ఇంట్లో ఆ బొమ్మ లేకపోవడమే మేలు.

కొనేవాళ్లకు వరస ఒకటే. ముందు వెనక అడ్డు కట్టండి, అది లేనిదే విల్లు ఎత్తనివ్వకండి. వెదురు విల్లు, చిన్న రికర్వ్ అయితే గోనె తొడిగిన గోతాంతో మొదలుపెట్టండి. కాంపౌండ్ అయితే నేరుగా పొరల ఫోమ్ దిమ్మ కట్టించుకోండి. జింక కోసం దాచిన డబ్బు మిగిలితే దాంతో ఒకే కొలత, ఒకే బరువు ఉన్న ఆరు మంచి బాణాలు కొనండి.